అతడు కాదు.. ఆమె కాదు.. మీ కథలో హీరో ఎవరు?

సాలూరు కొండల్లోంచి ఓ బొమ్మల ఫాంటసీ పుస్తకం తయారు చేయాలంటే..

డిగ్రీ ఆఖరి ఏడాది. హాస్టల్లో పక్క మంచం మీద గ్రూప్స్ మెటీరియల్, ఎదుటి మంచం మీద బ్యాంకు మోడల్ పేపర్లు. మీ నోట్‌బుక్‌లో మాత్రం వెనక పేజీల నిండా బొమ్మలే. కాళ్లొచ్చి నడిచే కొండలు, కొమ్ములు మొలిచిన పిల్లలు, నది మీద ఎగిరే లారీలు. ‘ఇవి కూడు పెడతాయా?’ అని ఇంట్లో అడిగే ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దాని దగ్గరికి చివర్లో వద్దాం. ముందు ఆ బొమ్మల్ని ఒక పుస్తకంగా మార్చే సంగతి చూద్దాం. ఎందుకంటే ఇలస్ట్రేటర్‌ని మార్కుల జాబితా చూసి ఎవరూ పిలవరు, చేసిన పని చూసి పిలుస్తారు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా పూర్తి చేసిన ఒక్క పుస్తకం, అచ్చు కాకపోయినా సరే, విడివిడిగా గీసిన వంద బొమ్మల కన్నా మీ గురించి ఎక్కువ చెబుతుంది.

నమూనాగా కాస్త కష్టమైనదే తీసుకుందాం. పర్యావరణం చుట్టూ అల్లిన ఫాంటసీ. అందులో ప్రధాన పాత్ర అబ్బాయీ కాదు, అమ్మాయీ కాదు. ఇంగ్లిష్ ప్రచురణకర్తలు ఇలాంటి పాత్రల్ని నాన్‌బైనరీ అంటున్నారు. ఇది బయటి దేశాల ఫ్యాషన్ అనీ, మన ప్రాంతానికి అతకదనీ చాలామంది అనుకుంటారు. సాలూరు నుంచి కొండల వైపు చూస్తే అలా అనిపించదు.

గోడ మీది మనిషి

సాలూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేది లారీలు. బాడీ బిల్డింగ్ షెడ్లు, వాటిలో బ్రష్ పట్టుకుని తలుపుల మీద తామరపువ్వులు, గద్దలు, అమ్మవారి పేర్లు రాసే పెయింటర్లు. ఈ ఊరి మొదటి ఇలస్ట్రేటర్లు వాళ్లే. రేడియం స్టిక్కర్లు వచ్చాక ఆ చేతి పని తగ్గుతోంది. కాబట్టి మీ స్కెచ్‌బుక్ పట్టుకుని ముందు అక్కడికే వెళ్లండి. ఫోన్లో ఫొటో తీసుకుని వచ్చేయడం కాదు.. కాసేపు కూర్చుని, ఒక గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చూడండి.

రెండో చోటు కొంచెం దూరం. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట మీదుగా ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల దాకా సవరలున్న ఊళ్లు. వాళ్ల గోడ చిత్రాల్ని ‘ఇడితాల్’ అంటారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో గీసే బొమ్మలు. ముందు చట్రం గీసి, చేపల వల అల్లినట్టు అంచుల నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. చెట్లు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు, నృత్యం చేసే మనుషుల వరసలు.. ఆ మనుషుల్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. మహారాష్ట్ర వార్లీ చిత్రాల్లో ఆడామగా తేడా తెలిసేలా గీస్తారు. సవర చిత్రాల్లో ఆ తేడా కనిపించదు. నాలుగు గీతల్లో ఒక మనిషి, అంతే. అది ఎవరో చెప్పేది ఒంటి ఆకారం కాదు, ఆ మనిషి చేస్తున్న పని.

ఇంకో విశేషం. సవర భాషలోనూ ‘అతడు’, ‘ఆమె’ అని వేర్వేరు సర్వనామాలు లేవు. ముండా కుటుంబానికి చెందిన ఈ భాషకు వ్యాకరణం రాసింది మన గిడుగు రామమూర్తి పంతులే. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని ఆయన రాసిన ఆ గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే ఆయన మనకి తెలుసు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేది కూడా అందుకే. సవరల కోసం చేసిన పని గుర్తొచ్చేది తక్కువ.

అంటే సవరలందరూ నాన్‌బైనరీ అని కాదు! అలా రాసేస్తే నవ్వుతారు. చెప్పేది ఒక్కటే, మనిషి బొమ్మ గీయడానికి మీసమో జడో తప్పనిసరి కాదన్న సంగతి ఈ కొండలకి ఎప్పటి నుంచో తెలుసు. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో మాను చివర కూర్చునే పూజారి మగవారే. ఆ కాసేపూ లక్షల మంది దండం పెట్టేది మాత్రం అమ్మవారికి. అక్కడిదాకా ఎందుకు, సాలూరు మండలాన్ని ఆనుకుని ఉన్న కొటియా గ్రామాలే చూడండి. ఆంధ్రావా, ఒడిశావా అన్న వివాదం 1968లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండు రాష్ట్రాల కార్డులూ దగ్గర పెట్టుకుని, రెండు భాషల్లోనూ జవాబు చెబుతూ బతికేవాళ్లు అక్కడున్నారు. ‘ఇటా, అటా? ఏదో ఒకటి చెప్పు’ అని అస్తమానం ఎవరో ఒకరు నిలదీస్తుంటే ఎలా ఉంటుందో వాళ్లని అడగండి. మీ పాత్ర మనసు సగం అర్థమవుతుంది.

దెయ్యానికో, రోబోకో ఇచ్చేయకండి

ఈ తరహా కథల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది. ఊళ్లో మనుషులంతా ఆడో మగో అయి ఉంటారు. ఆ రెండూ కాని పాత్ర మాత్రం గ్రహాంతరవాసి, దెయ్యం లేదా రోబో. చదివే పిల్లలకి అందేదేమిటి? అలాంటివాళ్లు మనుషుల్లో ఉండరని. మీ కథలో మాంత్రిక జంతువులు ఎన్నయినా ఉండనివ్వండి. నాన్‌బైనరీ పాత్ర మాత్రం అన్నం తిని, అలిగి, సంతలో బేరమాడే మనిషి కావాలి.

న్యూజిలాండ్‌కి చెందిన కే ఓనీల్ ఈ పని చక్కగా చేశారు. 2019లో వచ్చిన ‘ద టీ డ్రాగన్ ఫెస్టివల్’ అనే బొమ్మల నవలలో రిన్ అనే పాత్ర నాన్‌బైనరీ. కొండ మీది పల్లె, వంటంటే ఇష్టం, అడవికెళ్లి దినుసులు ఏరుకొచ్చే అలవాటు. రిన్ ఎవరన్న చర్చ కథలో జరగదు. ఊరు ఊరంతా రిన్‌ని రిన్‌గానే చూస్తుంది. కథ నడిచేది డ్రాగన్ గురించి, వంట గురించి. అడ్డాకులు, కొండ చీపుర్లు, చింతపండు సేకరించి సంతకి దించే మన కొండ ఊళ్లకి ఈ పల్లె ఎంత దగ్గరో చూడండి. ఓనీల్ దానికి ఏడాది ముందు చేసిన ‘అక్వికార్న్ కోవ్’ పగడపు దిబ్బలు నాశనం కావడం గురించి. అంటే మనం అనుకుంటున్న రెండు అంశాల మీదా ఒకే మనిషి వరసగా పుస్తకాలు చేశారన్నమాట.

ఎన్‌.డి. స్టీవెన్‌సన్ కథ కాలేజీ విద్యార్థులకి ఇంకా పనికొస్తుంది. ‘నిమోనా’ అనే రూపాలు మార్చే పాత్రతో 2012లో ఆన్‌లైన్ కామిక్ మొదలుపెట్టినప్పుడు స్టీవెన్‌సన్ ఆర్ట్ కాలేజీ విద్యార్థి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా చూపించింది కూడా దాన్నే. 2015లో పుస్తకమైంది, 2023లో నెట్‌ఫ్లిక్స్ యానిమేషన్ సినిమా అయి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అందరికీ ఇలా జరగదు. కానీ కాలేజీ ప్రాజెక్టుకీ, పోర్ట్‌ఫోలియోకీ, పుస్తకానికీ మూడు వేర్వేరు పనులు అక్కర్లేదని తెలుస్తుంది.

మన దగ్గర మాటల విషయంలో జాగ్రత్త అవసరం. తెలుగులో ఇలాంటి మనుషుల గురించి వాడే పాత మాటలు చాలావరకు తిట్లే. ‘తేడా’ అన్న మాట సినిమాల్లో నవ్వు కోసం ఎలా వాడారో మీకు తెలుసు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన నల్సా తీర్పులో థర్డ్ జెండర్‌ని గుర్తించింది. తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనంది. మీ పాత్రకీ అదే వర్తింపజేయండి. తనేమిటో పాత్రే చెప్పుకోవాలి, లేదా చెప్పకుండా ఉండాలి. పక్క పాత్ర వచ్చి నిర్వచనం చదవకూడదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ గురించి తెలుగులో ఎలా మాట్లాడుకుంటారో వినాలంటే రచన ముద్రబోయిన తదితరులు హైదరాబాద్‌లో 2017లో మొదలుపెట్టిన ‘ట్రాన్స్ విజన్’ యూట్యూబ్ వీడియోలున్నాయి. రాయడానికి ముందే వినండి.

‘వచ్చాడు’ అనాలా.. ‘వచ్చింది’ అనాలా?

అసలు చిక్కు ఇక్కడుంది. బొమ్మలో తప్పించుకోవచ్చు కానీ తెలుగు వాక్యంలో తప్పించుకోవడం కష్టం. ఇంగ్లిష్‌లో సర్వనామం ఒక్కటి మారిస్తే చాలు, క్రియ ఎవరికైనా ఒకటే. మనకి క్రియ తోకలోనే లింగం ఉంటుంది. అతడు వచ్చాడు. ఆమె వచ్చింది. పైగా మన వ్యాకరణంలో ఆడవాళ్లకీ వస్తువులకీ ఒకే తోక: అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది. కాబట్టి మీ పాత్రకి ‘వచ్చింది’ వాడితే చదివేవాళ్లు అమ్మాయి అనుకుంటారు, లేదంటే వస్తువులా చూస్తున్నారని బాధపడతారు. మనిషిని ‘అది’ అనడం తెలుగులో అవమానమే.

పెద్ద పెద్ద రచయితలకీ ఈ చిక్కు తప్పలేదు. ఉర్సులా లెగ్విన్ 1969లో ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ రాసినప్పుడు స్థిరమైన లింగం లేని గ్రహవాసుల్ని సృష్టించి, వాళ్లందరికీ ఇంగ్లిష్ పుంలింగ సర్వనామమే వాడారు. చదివినవాళ్లకి అందరూ మగవాళ్లలాగే కనిపించారు. విమర్శలొచ్చాయి. మొదట్లో తన ఎంపికని సమర్థించుకున్న లెగ్విన్ తర్వాతి కాలంలో ఆ అభిప్రాయం మార్చుకున్నారు కూడా.

తెలుగులో దారులున్నాయి. అవి మన భాషలోనే ఉన్నాయి, కొత్తగా కనిపెట్టక్కర్లేదు.

అన్నిటికన్నా తేలిక దారి, కథని ‘నేను’ అని చెప్పించడం. ‘నేను కొండెక్కాను’ అన్న వాక్యంలో చెప్పేది ఎవరో తెలియదు. ‘నువ్వు ఎక్కావా?’ అన్నా అంతే. హిందీలో ఇది కుదరదు, అక్కడ ‘నేను’ అన్నా క్రియ మారిపోతుంది. తెలుగులో కథ మొత్తం ఉత్తమ పురుషలో రాస్తే ఎక్కడా పట్టుబడరు.

‘వచ్చారు’ అనే మర్యాద రూపం ఇంకోటి. పెద్ద వయసు పాత్రలకి ఇది అతికినట్టు సరిపోతుంది. గురువు, వైద్యం చేసే మనిషి, ఊరి పెద్ద. కానీ ఎనిమిదేళ్ల పిల్లకీ పిల్లాడికీ ‘వచ్చారు’ అంటే వెటకారంలా వినిపిస్తుంది. అక్కడ వేరే ఉపాయం కావాలి.

ఆ ఉపాయం మనం రోజూ మాట్లాడే తీరులోనే దాగుంది. ‘తనకి ఆకలేసింది’, ‘తనకి భయమేసింది’, ‘తనకి ఏనుగు కనిపించింది’.. ఈ వాక్యాల్లో క్రియ పట్టుకునేది ఆకలిని, భయాన్ని, ఏనుగుని. మనిషిని కాదు. ‘తన’ అన్న మాటకి ఎటూ లింగం లేదు. జరగలేదని చెప్పేటప్పుడు ఇంకా హాయి: అతడు రాలేదు, ఆమె రాలేదు, వాళ్లు రాలేదు. మూడింటికీ ఒకటే రూపం. ‘వెళ్లాలి’, ‘వెళ్లొచ్చు’, ‘తెలుసు’, ‘ఇష్టం’ అన్నీ ఇంతే. ఇవన్నీ కలిపి ఓ పేజీ రాసి చూడండి. పాత్ర పేరు వేగ అనుకుందాం, పాచిపెంట కొండల్లో పుట్టి సాలూరు పక్కగా పారే వేగావతి గుర్తుగా.

‘వేగకి మెలకువ వచ్చింది. ఊట చప్పుడు వినిపించలేదు. రోజూ తెల్లారకముందే లేపే చప్పుడు అది. కాళ్లకి చెప్పుల్లేవు, చేతిలో ఆనపకాయ బుర్ర. కొండెక్కే దారిలో ఎవరూ ఎదురు కాలేదు. ఊట ఉండాల్సిన చోట తడి ఆరని రాయి. దాని పక్కన, వేగ మొత్తం పట్టేంత పాదముద్ర.’

ఎక్కడైనా వేగ అబ్బాయో అమ్మాయో తెలిసిందా? వాక్యాలు మెలికలు తిరిగినట్టు అనిపించిందా? పైకి చదివి స్నేహితులకి వినిపించండి. వాళ్లు ‘ఎవరీ వేగ?’ అని అడగకుండా ‘ఊట ఏమైంది?’ అని అడిగితే మీరు నెగ్గినట్టే.

పేర్లూ చూసుకోవాలి. డు, య్య చివర ఉంటే మగపేరు, మ్మ ఉంటే ఆడపేరు. ముద్దుపేర్లలో మాత్రం తెలుగిళ్లు చాలా ఉదారం. బుజ్జి, పండు, చిన్ని, కన్నా, బంగారం.. ఎవరినైనా పిలవొచ్చు. వరసలతో మాత్రం ఇబ్బందే. అన్న, అక్క, తమ్ముడు, చెల్లి అని పిలవకుండా ఊళ్లో రోజు గడవదు. ‘ఒరే’, ‘ఒసే’ల్లోనూ తేడా ఉంది. ఊళ్లో ఓ ముసలమ్మ వేగని ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా పిలుస్తుంటే? వేగ రెండింటికీ పలుకుతుంటే? ఒక్క మాట వివరణ లేకుండా సగం కథ చెప్పేసినట్టే.

మీసం, జడ లేకుండా..

బొమ్మల విషయానికొద్దాం. పాత్రల డిజైన్‌లో కొత్తవాళ్లు చేసేది ఒకటుంది. నాన్‌బైనరీ అనగానే పొట్టి జుట్టు, వదులు చొక్కా, సన్నటి ఒళ్లు. అదీ ఒక మూసే. దానికి బదులు నీడచిత్రంతో మొదలుపెట్టండి. పాత్రని పూర్తిగా నల్లగా నింపేసినా గుర్తుపట్టగలగాలి. అలా గుర్తుపట్టేలా చేసేది ఆనపబుర్ర కావొచ్చు, భుజాన వేలాడే అడ్డాకుల కట్ట కావొచ్చు, నడకలో వంపు కావొచ్చు. ఇడితాల్ బొమ్మలు చేసేది అదే, మనిషిని పనిముట్టుతో చెప్పడం.

ఫాంటసీ గీయడంలో మనవాళ్లు వెనకబడి ఏమీ లేరు. 1947 జులైలో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం జానపద సీరియళ్లు, వాటికి చిత్ర గీసిన రాక్షసులు, మొసళ్లు, లోయలు మీ తాతల చిన్నతనాన్ని నింపేశాయి. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య రంగులూ అందులోవే. పాత సంచికలు దొరికితే ఒక పేజీ కంపోజిషన్ ఎలా ఉందో కాపీ చేస్తూ నేర్చుకోండి. ఆ కథల్లో రాకుమారుడు, రాకుమారి తప్పనిసరి. మీ కథలో ఆ సింహాసనాలు ఖాళీ.

భోపాల్‌లో రాత్రి వాచ్‌మన్‌గానూ ఎలక్ట్రీషియన్‌గానూ పనిచేసిన గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్‌ని కూడా చూడాలి. లండన్ వెళ్లొచ్చి ఆయన చేసిన ‘ద లండన్ జంగిల్ బుక్’ 2004లో చెన్నై తారా బుక్స్ నుంచి వచ్చింది. అందులో బిగ్ బెన్ గడియారం కోడిపుంజుతో కలిసిపోతుంది. పొద్దున్నే లేపేది మా ఊళ్లో అదే కదా అని! ఆయన లండన్‌ని తన ఊరి కళ్లతో చూశారు. మనం తరచూ దీనికి తిరగేసి చేస్తాం. సాలూరు కుర్రాడు ఫాంటసీ గీస్తే జపాన్ స్కూలు యూనిఫాం, యూరప్ కోట వచ్చేస్తాయి. జపాన్‌నే చూడాలనుకుంటే మియజాకి ‘నౌసికా’ చూడండి, యూనిఫాం కోసం కాదు.. విషపు అడవిని శత్రువుగా కాకుండా జబ్బుపడ్డ నేలని శుభ్రం చేసే ప్రాణిగా చూపించిన తీరు కోసం.

కొండకి ఏం జరుగుతోంది?

పర్యావరణ కథ అనగానే ఆఖరి పేజీలో మొక్క నాటి చప్పట్లు కొట్టేస్తున్నాం. ఇక్కడ ఆ పప్పులుడకవు. మీ చుట్టూ జరుగుతున్నవి అంతకన్నా చిక్కు ప్రశ్నలు.

సాలూరు, పాచిపెంట ప్రాంతంలో కురుకూటి, కర్రివలసల దగ్గర పంప్డ్ స్టోరేజి విద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చాయి. కొండ మీద ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు మిగిలినప్పుడు నీళ్లని పైకి తోడతారు, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఎండ, గాలి నుంచి వచ్చే విద్యుత్తుని దాచుకునే పద్ధతి ఇది. బొగ్గు తగ్గాలంటే ఇలాంటివి కావాలంటారు. మరోపక్క మా ఊటలు, మా భూములు ఏమవుతాయని గిరిజనులు నిరసన తెలిపారు. ఇందులో విలన్ ఎవరు? పొగ గొట్టాల రాక్షసుణ్ని గీసేస్తే సరిపోదు. ‘మంచి పని కోసమే వచ్చాం’ అనే వాళ్లకీ, ‘ఈ ఊట పోతే మేమెక్కడికి పోతాం’ అనే వాళ్లకీ మధ్య వేగని నిలబెట్టండి. కథ దానంతటదే బిగుసుకుంటుంది.

ఏనుగుల సంగతీ అంతే. ఒడిశా వైపు నుంచి వచ్చిన మందలు పార్వతీపురం మన్యంలో ఏళ్లుగా తిరుగుతున్నాయి. పంటలు పోయాయి, మనుషులూ పోయారు. 2023 మేలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో చనిపోయాయి. ఆ పెద్ద పాదముద్ర మీ కథలో దేవతది కావొచ్చు, దారి తప్పిన గున్నది కావొచ్చు. కానీ చెరకు తోట పోగొట్టుకున్న రైతు కూడా అదే పేజీలో ఉండాలి.

కొండ ఎక్కువ అందంగా కనిపిస్తోందంటే అనుమానించండి. జబ్బుపడ్డ మనిషిని డోలీలో మోసుకుని దిగే దారులు కూడా ఆ కొండవే. పోడు పొగ, జీడితోటలు, సెల్ టవర్, అన్నీ ఉన్నవే. గిరిజనులంటే ప్రకృతి ఒడిలో పాటలు పాడుకునేవాళ్లని గీసే పుస్తకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఆ ఊళ్ల నుంచే మీ క్లాసులో కూర్చున్న మిత్రులకి అవి చూపించి ముఖం ఎలా పెడతారో గమనించండి.

మీరే ఆ ఊళ్ల నుంచి వచ్చినవారైతే ఈ పుస్తకం మీరు చేయాల్సిందే. కాకపోతే అడిగి చేయండి. ఇడితాల్ ఒక అలంకారం కాదు. దేవతలకీ పూర్వీకులకీ గోడ మీద వేసే ఇల్లు. ఒక గోడని ఫొటో తీసి యథాతథంగా పేజీలో దించేయడం తప్పు. ఒడిశా నుంచి లాంజియా సవర చిత్రకళకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ పేరు పెట్టి ఎవరు పడితే వారు అమ్మకూడదు. దాన్నుంచి ఆలోచనా విధానం నేర్చుకోండి, గీత మీదే కావాలి. సవర కళాకారులతో కలిసి పనిచేస్తే వాళ్ల పేరు కవర్ మీద ఉండాలి, వాటా కాగితం మీద ఉండాలి. లోపలి పేజీలో కృతజ్ఞతలు సరిపోవు.

32 పేజీల లెక్క

పిల్లల బొమ్మల పుస్తకం చాలావరకు 32 పేజీలు. పెద్ద కాగితాన్ని మడిచి కోసే లెక్కలోంచి వచ్చిన అంకె అది. టైటిల్, వివరాల పేజీలు పోగా కథకి దక్కేది 12 నుంచి 14 జంట పేజీలు. ఒక ఏ4 కాగితం మీద చిన్న చిన్న గళ్లు గీసి మొత్తం కథని అగ్గిపెట్టె సైజులో వేసుకోండి. ఏ పేజీ తిప్పినప్పుడు ఊట ఎండిందని తెలియాలి, ఏ పేజీలో మాటలే ఉండకూడదు.. ఇక్కడే తేలిపోవాలి. తర్వాత కాగితాలు మడిచి డమ్మీ కుట్టండి. చేత్తో పేజీ తిప్పితే తప్ప తెలియని తప్పులుంటాయి.

ట్యాబ్ లేదని ఆగిపోకండి. కాగితం మీద గీసి స్కాన్ చేయొచ్చు. కంప్యూటర్ ఉంటే క్రిటా, ఇంక్‌స్కేప్ ఉచితమే. అచ్చుకి 300 డీపీఐ, అంచుల చుట్టూ 3 మిల్లీమీటర్ల అదనపు బొమ్మ వదలాలి. తెలుగు అక్షరాల్ని మాత్రం బొమ్మలో కలిపేయకండి, విడి లేయర్‌లో ఉంచండి. రేపు కువిలోకో, ఒడియాలోకో, ఇంగ్లిష్‌లోకో అనువదించాలంటే బొమ్మ మళ్లీ గీయక్కర్లేదు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగ్ మార్చకపోతే వత్తులు విడిపోతాయి. ‘వేగావతి’ బాగానే కనిపించి ‘పార్వతీపురం’ ముక్కలైన పోర్ట్‌ఫోలియో ఎడిటర్ చేతికి వెళ్తే మీ బొమ్మ ఎంత బాగున్నా లాభం లేదు.

కూడు పెడుతుందా?

ఇంట్లో వాళ్ల ప్రశ్నకి నిజాయతీగా జవాబు: తెలుగులో బొమ్మల పుస్తకాలు ఒక్కటే గీసి ఇల్లు నడపడం కష్టం. ఆ పుస్తకం చూపించి దొరికే పనులతో నడపొచ్చు. హైదరాబాద్‌లోని యానిమేషన్, గేమింగ్ స్టూడియోలకి పాత్రల డిజైన్, స్టోరీబోర్డు తెలిసినవాళ్లు కావాలి. పాఠ్యపుస్తకాలు, ఎడ్యుకేషన్ యాప్‌లు, స్వచ్ఛంద సంస్థల ప్రచార సామగ్రి, ఆటల కవర్లు.. పనులు పలురకాలు. ప్రచురణ వైపు చూస్తే చెన్నైలో తూలిక, తారా, బెంగళూరులో ప్రథమ్ బుక్స్, హైదరాబాద్‌లో మంచి పుస్తకం ఉన్నాయి. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు. ఏ సంస్థకి పంపినా ముందు వాళ్ల పుస్తకాలు పది చూసి, మీ కథ అక్కడ ఇముడుతుందో లేదో చూసుకోండి.

చదువు కొనసాగించాలనుకుంటే డిగ్రీ ఏదైనా సరే, మాస్టర్ ఆఫ్ డిజైన్ ప్రవేశాల కోసం ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయొచ్చు. ఇంటర్ తర్వాత మూడేళ్ల డిగ్రీ పూర్తిచేసినవాళ్లూ, ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లూ అర్హులే. బీకాం అయినా ఫర్వాలేదు. ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే యూసీడ్, ఎన్‌ఐడీ ప్రవేశపరీక్షల గురించి చెప్పండి. ఎన్‌ఐడీకి ఆంధ్రప్రదేశ్‌లోనూ క్యాంపస్ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూల్లో ఫైన్ ఆర్ట్స్ కోర్సులున్నాయి.

ఇక సంతకం. మొదటి అవకాశం వచ్చిన ఆనందంలో కాగితం చదవకుండా పెట్టేసేది ఇదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పని కాకపోతే, మీ బొమ్మకి మొదటి హక్కుదారు సాధారణంగా మీరే. ఆ హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. హక్కు వేరొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఒప్పందంలో ఎన్నేళ్లని రాయకపోతే అయిదేళ్లని, ఏ ప్రాంతమని రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని చట్టం అర్థం చేసుకుంటుంది. అందుకే ‘శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, అన్ని మాధ్యమాల్లో’ అన్న వాక్యం కనిపిస్తే ఆగండి. పుస్తకం వరకేనా? యానిమేషన్, బొమ్మల తయారీ కూడానా? ఒకేసారి ఇచ్చే మొత్తమా, అమ్మకాల మీద రాయల్టీనా? అడిగితే అవకాశం పోతుందని భయపడొద్దు. మంచి ప్రచురణకర్తలు ఈ ప్రశ్నలకి అలవాటుపడే ఉంటారు.

పంపేటప్పుడు మొత్తం కథ టైపు చేసిన ఒక ఫైలు, డమ్మీ పీడీఎఫ్, పూర్తిగా రంగులు వేసిన రెండో మూడో జంట పేజీలు చాలు. వేగ ఎవరో వివరిస్తూ ఉత్తరం రాయకండి. ఊట ఎండిన పేజీని ముందు పెట్టండి.